ఇంజన్ మోగాల్సిన ఆదివారం

గోదావరిఖని,
గురువారం.

అక్కకి నీ తమ్ముడు సత్తిబాబు నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, పనికి వెళుతున్నాను, జ్వరాలూ అవీ ఏమీ లేవు. నీకు కుట్లు విప్పి ఇంటికి పంపేశారని పక్కింటి నూకాలమ్మత్త ఫోన్లో చెప్పింది. నొప్పి తగ్గిందా? మూడు నెలలు బిందె ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పిందట. దయచేసి ఎత్తకు. పాప బడికి వెళుతోందా? కువైట్ నుంచి బావ ఫోన్ చేశాడా? సెలవు ఇవ్వలేదని ఏడ్చాడట కదా. బావకి సెలవు దొరక్కపోవడం నిజం. నాకు దొరక్కపోవడం మాత్రం అబద్ధం అక్కా.

ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడుతుందని రాస్తున్నాను. సోమవారం పొద్దున్న నీ ఆపరేషన్ అని తెలిసి కూడా, షెడ్డులో రెండు బస్సులు అప్పగించాలి, కదలడానికి వీల్లేదు అని ఎస్టీడీ బూత్ నుంచి నీతో చెప్పాను. ఆ వారం బస్సులేవీ లేవు. మా మేస్త్రీ వెళ్ళమనే అన్నాడు. నేనే రాలేదు. ఎందుకు రాలేదో మొత్తం రాస్తాను. అత్త చేత చదివించుకోకు, నువ్వే చదువు. చదివాక తిట్టు.

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచిందో నీకు సరిగ్గా ఎప్పుడూ రాయలేదు. బస్సు బాడీలకి రేకు కొట్టే పని నాకు విజయవాడలోనే చేతికొచ్చింది కాబట్టి పనికి ఇబ్బంది లేదు. సాయంత్రం గదికి వస్తేనే తోచేది కాదు. ఉతికి ఆరేసిన బనియను మీద గంటలో బొగ్గు పొడి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పెడితే అలమరలో గిన్నెలు వాటంతట అవే మోగుతాయి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళ మాట నాకు సగమే అర్థమయ్యేది, నేను నోరు విప్పి 'అండీ' అనగానే హోటల్లో నలుగురూ తిరిగి చూసేవారు. ఆదివారాలు నది ఒడ్డుకి పోయి కూర్చునేవాణ్ణి. ఆ నీళ్ళు మన ఊరికే కదా వెళ్ళేవి.

అలాంటి ఒక ఆదివారం ముందు రోజు రాజలింగు కాక మా షెడ్డుకి వచ్చాడు. ఆయన చిన్నప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్కు. తర్వాత బొగ్గు కంపెనీలో స్టోర్ దగ్గర కాపలా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. "అల్యూమినియం రేకుకు రివిట్లు కొట్టెటోడు ఎవ్వడన్న ఉన్నడా?" అని అడిగాడు. మేస్త్రీ నన్ను చూపించాడు.

కాక నన్ను కంపెనీ వర్క్‌షాపు వెనక రేకుల పందిరి కిందికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక విమానం ఉంది అక్కా. నిజం విమానం. పైలట్లకి నేర్పడానికి వాడిన పాతకాలం నాటి ఎయిర్‌ఫోర్స్ విమానం, ముందు ఫ్యాను, రెండు సీట్లు. పార్కులో నిలబెట్టడానికని కంపెనీ తెప్పించి, మరిచిపోయి వదిలేసింది. రెక్కల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. "పార్కుల పెట్టేముందు దీన్ని బాగుచేద్దాం. ఒక్కపారి ఇంజన్ మోగిద్దాం. గంతే" అన్నాడు కాక.

అప్పటికే ఇద్దరు చేరారు. ఒకడు సమ్మయ్య. భూమి కింద గనిలో పని చేస్తాడు, గనిని వీళ్ళు బాయి అంటారు. "వారమంత భూమి కింద ఉంటున్న, ఆదివారమన్న పైకి పోనియ్యి కాకా" అని వచ్చాడట. రెండోవాడు మొయిజ్ భాయి, లారీలకి వైరింగ్ చేస్తాడు. విమానానికి వాళ్ళు పెట్టిన పేరు అవ్వ. తుప్పు కనబడితే "అవ్వకు మోకాళ్ళ నొప్పులు" అనేవారు. టైర్లో గాలి దిగితే "అవ్వకు నీరసం". నేను కొట్టిన మొదటి రేకు చూసి మొయిజ్ భాయి, "మాషా అల్లా, అవ్వకు కొత్త రైక కుట్టినవ్" అన్నాడు.

రెండేళ్ళు, ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పొద్దున్నే కాక మమ్మల్ని వరసగా నిలబెట్టి హాజరు పిలిచేవాడు. నేను "ఉన్నానండి" అంటే, "ఎయిర్‌ఫోర్సుల అండి గిండి ఉండది!" అని అరిచేవాడు. సమ్మయ్య అందుకుని "రివిట్టును గుద్దేటప్పుడు గూడ మీకు నొప్పి పుడుతున్నదా అండి అని అడుగుతడు కాకా" అనేవాడు. వాడు పైలట్ సీట్లో బాయి హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, "కమాన్‌పూర్ దిగెటోళ్ళు ముంగటికి రావాలె! జైపూర్ స్టాపు లేదు, రెక్క పట్టుకొని దుంకాలె!" అని బస్సు కండక్టర్‌లా కేకలేస్తుంటే కాక కూడా కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఒకసారి మొయిజ్ భాయి ఎవరికీ చెప్పకుండా విమానానికి లారీ హారన్ బిగించాడు. పైలట్ సీట్లోంచి సమ్మయ్య మీట నొక్కగానే అది మోగిన మోతకి గ్రౌండులో మేస్తున్న మేకలన్నీ రోడ్డెక్కాయి. వాటి వెనక మేం నలుగురం పరుగు. మధ్యాహ్నం మొయిజ్ భాయి వాళ్ళింటి నుంచి బగారన్నం, సమ్మయ్య పెళ్ళాం చేసిన సర్వపిండి. నువ్వు ఎప్పుడూ బెంగపడేదానివి కదా, వాడు అక్కడ ఎవరితో తింటున్నాడో అని. వీళ్ళతో తిన్నాను అక్కా. ముప్పై అయిదేళ్ళ వాడు విమానంతో ఆడుకుంటున్నాడని నవ్వుతావని నీకు రాయలేదు.

ఇంజన్ మాత్రం కాక మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. దాని మూతకి తాళం వేసి ఉంచాడు. మేం లేనప్పుడు తనొక్కడే తెరిచి పని చేస్తానని చెప్పేవాడు. ఎప్పుడు మోగిద్దామంటే, "ముసల్దాన్ని జల్ది చెయ్యద్దు. ముందు ఒళ్ళు బాగుగావాలె" అనేవాడు. దసరా అన్నాడు, దసరా పోయింది. వానలు తగ్గాక అన్నాడు, వానలు తగ్గాయి. చివరికి పార్కులో దిమ్మె కట్టడం అయిపోయింది, పై వారం క్రేను వస్తుందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇక మిగిలింది ఒక్క ఆదివారమే. కాక సరే అన్నాడు. అది నీ ఆపరేషన్ ముందు రోజు.

శుక్రవారం సాయంత్రం చాయ్ హోటల్లో కాకకి చెప్పాను. "రేపటి బండికి మా ఊరు వెళతాను కాకా. అక్కకి సోమవారం ఆపరేషన్. బావ దేశంలో లేడు. 'నువ్వొచ్చి బయట కూర్చుంటే చాలు' అంది."

కాక చాలాసేపు గ్లాసులోకి చూశాడు. "పెద్ద ఆపరేషనా?"

"కడుపులో గడ్డ అన్నారండి."

"గిసొంటివి గిప్పుడు మస్తు చేస్తున్నరు. దవాఖానల డాక్టర్లుంటరు. నువ్వు పోయి ఏం చేస్తవ్?" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "అవ్వ ఒంటి మీద రేకంత నీదే సత్తీ. నువ్వు లేకుంటె అది మోగినా మోగనట్టే. ఉండు."

ఆ మాటకి నేను పొంగిపోయాను. నాన్న పోయాక అలా ఎవరూ నాతో అనలేదు. అక్కడి నుంచే బూత్‌కి వెళ్ళి నీతో బస్సుల అబద్ధం చెప్పాను. నువ్వు "సర్లే, పనే ముఖ్యం, నాకేం భయం లేదు" అన్నావు. నీ గొంతు విన్నాక కూడా ఆగిపోయాను.

ఆదివారం ఎనిమిదింటికే ముగ్గురం చేరాం. మొయిజ్ భాయి కొత్త బ్యాటరీ తెచ్చాడు. సమ్మయ్య గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. తొమ్మిదయింది, పదయింది, కాక రాలేదు. "ముసలాయనకు కండ్లు తిరిగినయో ఏమో, అంతల మూతన్న తీసి పెడుదాం" అని సమ్మయ్య తాళం జోలికి పోకుండా మూత బందులు విప్పేశాడు.

పైకి చూస్తే ఇంజన్ నిండుగానే ఉంది. మొయిజ్ భాయి ప్లగ్గుకి వైరు తగిలిద్దామని చెయ్యి పెట్టాడు. ప్లగ్గు ఊడి చేతిలోకి వచ్చింది. అది చెక్క బిరడా. నల్ల రంగు వేసి ఉంది. రెక్క మీద నంబరు రాయడానికి మేం తెచ్చిన డబ్బాలో రంగే అది, నేను గుర్తుపట్టాను. ఆ బొక్కలోంచి టార్చి వేస్తే అవతల గడ్డి కనిపించింది. పిస్టన్లు లేవు, ఇరుసు లేదు. ఒట్టి డొల్ల.

"అరె, అవ్వకు పేగుల్లేవు" అన్నాడు మొయిజ్ భాయి. నవ్వబోయి ఆగిపోయాడు. సమ్మయ్య టైరు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు, తెల్ల చొక్కాతోనే.

కాక అప్పుడు వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో కొబ్బరికాయ. తెరిచి ఉన్న మూత చూసి పందిరి గుంజ దగ్గరే నిలబడ్డాడు.

"నీకు తెలుసా కాకా?" అన్నాడు సమ్మయ్య.

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"లారీ దిగిన దినం నుంచి. లోపలి సామాను తీసేసే పంపుతరు ఇసొంటియి. కాయిదం మీద సంతకం పెట్టి దించుకున్నది నేనే."

"మరి ఇయ్యాల ఏం చేద్దామనుకున్నవ్? కొబ్బరికాయ కొట్టి?"

కాక కొబ్బరికాయని గుంజ పక్కన పెట్టాడు. "వైరింగుల తప్పున్నదని చెప్దామనుకున్న" అన్నాడు.

మొయిజ్ భాయి మొహం నేను ఎప్పుడూ అలా చూడలేదు. "నా మీద పెడుదువా కాకా? నా పని మీద?" అని మాత్రం అన్నాడు. బ్యాటరీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. అన్నం డబ్బా అక్కడే ఉండిపోయింది.

నేను అడిగాను. "అక్క సంగతి నీకు చెప్పాను కదా కాకా. ఏమీ లేదని తెలిసి నన్నెందుకు ఆపావు?"

"ఒక్కలు పోతే అందరు పోతరని భయమైంది సత్తీ" అన్నాడు. "మొదటి నెలలనే చెప్దామనుకున్న. గప్పుడే మీరు నవ్వుడు మొదలువెట్టిండ్రు. ఇంజన్ లేదంటె మల్ల ఆదివారం ఎవ్వలొస్తరు?"

"వస్తుంటిమి" అన్నాడు సమ్మయ్య నేల మీంచి. "మేం ఇంజన్ కోసమే వస్తున్నమని ఎట్ల అనుకున్నవ్?" లేచి వెళ్ళిపోయాడు, వెనక్కి చూడలేదు.

అక్కా, ఇంకొకటి కూడా రాయాలి. ఆ మధ్యాహ్నం పెద్దపల్లి స్టేషన్‌కి పోయి బండి ఎక్కి ఉంటే సోమవారం పొద్దున్నకి నీ దగ్గర ఉండేవాణ్ణి. ఎక్కలేదు. గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాను. దానికి కాక కారణం కాదు. బస్సుల అబద్ధం చెప్పింది నేను, పడుకున్నది నేను. ఆయన్ని తిట్టుకోబోయిన ప్రతిసారీ బూత్‌లో నీతో మాట్లాడిన నా మాటలే వినిపిస్తున్నాయి. సోమవారం మధ్యాహ్నం ఆపరేషన్ బాగా జరిగిందని అత్త చెప్పేదాకా మంచినీళ్ళు కూడా దిగలేదు.

క్రేను ఒక వారం ఆలస్యమైంది, మధ్యలో వచ్చిన ఆదివారం నేను పందిరి వైపు పోలేదు. మొన్న మంగళవారం కాక మా షెడ్డుకి వచ్చాడు. బందులు విప్పడంలో మూత వంగిపోయింది, మర్నాడే క్రేను, పిల్లలు లాగకుండా దాన్ని రివిట్లతో మూసేయాలి. "వేరే ఎవ్వలతోని కాదు" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. మేస్త్రీ ముందు కాదనలేక వెళ్ళాను.

రివిట్ కొట్టడానికి ఇద్దరు కావాలి అక్కా. ఇవతల నేను సుత్తి వేస్తుంటే, అవతల ఒకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. కాక కిందనుంచి చెయ్యి దూర్చి, ఆ ఖాళీలో దిమ్మ పట్టుకున్నాడు. రేకు మధ్యలో ఉంది కాబట్టి ఆయన మొహం నాకు కనబడలేదు. ప్రతి దెబ్బకీ అవతల దిమ్మ ఆనించిన ఆయన బలం మాత్రం నా చేతికి తెలుస్తూనే ఉంది. చివరి రివిట్ కొట్టాక ఆయన బయటికి వచ్చి చెయ్యి తుడుచుకుంటూ, "ఆదివారం వస్తవా సత్తీ?" అన్నాడు.

"పని అయిపోయింది కదా కాకా" అన్నాను. సుత్తి సంచిలో వేసుకుని వచ్చేశాను.

నిన్న విమానాన్ని దిమ్మె మీదకి ఎత్తారు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. రోడ్డు అవతల నిలబడి చూశాను. సమ్మయ్య రాలేదు, మొయిజ్ భాయి రాలేదు. జనం వెళ్ళిపోయాక కాక ఒక్కడే దాని కింద నిలబడి ఉన్నాడు. రోడ్డు దాటి వెళదామా అనుకున్నాను. దాటలేదు. ఇంకా కోపం పోలేదు. ఎప్పటికి పోతుందో తెలియదు.

నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. తింటున్నాను. మేస్త్రీ వచ్చే వారం శనివారం నుంచి వారం రోజులు సెలవు ఇచ్చాడు. ఇది నిజం, కావాలంటే షెడ్డుకి ఫోన్ చేసి కనుక్కో. పాపకి ఇక్కడ చెప్పులు చూశాను. దాని పాదం కొలత కావాలి, జానెడు మీద ఎన్ని వేళ్ళుందో చూసి ఉంచు. నూకాలమ్మత్తకి నా దండాలు చెప్పు. నా బదులు ఆసుపత్రిలో కూర్చున్నందుకు ఆవిడ రుణం నేను ఉంచుకోను. బావ ఫోన్ చేస్తే ఈ సంగతులన్నీ చెప్పినా నేనేం అనుకోను.

ఈ ఉత్తరం నీకు అందాక, వచ్చే వారం శుక్రవారం సాయంత్రం ఆరింటికి అత్త వాళ్ళింటికి ఫోన్ చేస్తాను. రమ్మంటేనే బండి ఎక్కుతాను. వద్దంటే ఆగుతాను, మళ్ళీ అడుగుతాను. పెద్దదానివి, నన్ను దీవించు. దీవించాలనిపించకపోతే ఊరికే ఫోన్ ఎత్తు. నువ్వేమీ మాట్లాడకపోయినా సరే, నేను లైన్లోనే ఉంటాను.

నీ తమ్ముడు,
సత్తిబాబు