వాచింది గుండె పొర, బుర్ర కాదు

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల కాపురస్తురాలు, క్వారీ లారీ డ్రైవరు తమ్మిశెట్టి కోటిబాబు భార్య, లేడీస్ టైలరు, నలభై మూడేళ్ల తమ్మిశెట్టి మంజుల అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించి, చదివించుకుని విని ఒప్పుకున్న వీలునామా ఇది.

పూర్తి తెలివితో అన్న మాట ఇంకోసారి రాయమని వకీలు గారికి చెప్పాను. నాకు మతి చెడిందని నా తోడబుట్టిన తమ్ముడు సుధీర్ బాబు ఊళ్లో చెప్పుకు తిరిగాడు. పూర్తి తెలివితో రాయిస్తున్నాను. గుంటూరులో నాకు వైద్యం చేసే డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జత చేశాను.

నాకు ఇప్పట్లో చావొచ్చి ఇది రాయడం లేదు. నా చావు కోసం చూసేవాళ్లు ఇక చూడనక్కర్లేదని రాస్తున్నాను. ముందు జరిగింది చెబుతాను. "అవన్నీ వీలునామాలో ఎందుకమ్మా" అన్నారు వకీలు గారు. రాయాల్సిందే అన్నాను.

1. నాలుగేళ్ల కిందట జ్వరం తగ్గిన పది రోజులకి, కొట్లో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుండగా ఎడమ రొమ్ములో నొప్పి పట్టింది. ఊపిరి తీస్తే కత్తెర మొన దిగినట్టుంది. భుజం దాకా లాగింది. వెనక్కి వాలితే ప్రాణం పోయేది, మిషన్ మీదికి వంగి కూర్చుంటే కాస్త నెమ్మదించేది. మా ఊరి డాక్టరు నా చెయ్యయినా పట్టుకోకుండా గ్యాసు అన్నాడు. ఆరు నెలల్లో మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ గ్యాసు మందే రాశాడు. మూడోసారి నా ఎదురుగానే మా ఆయనతో, "ఈ వయసు ఆడోళ్లకి ఇట్టాంటియ్యి మామూలేనయ్యా, పట్టించుకోమాక" అన్నాడు. సుధీర్ బాబు కొట్టుకొచ్చి చూసి నవ్వాడు. "మిషనెక్కితే తగ్గే గుండెనొప్పి యాడన్నా ఉంటదా అక్కా? పని తప్పించుకునేవాళ్లని చూశా గానీ, పన్లో కూర్చోటానికి నాటకమాడేదాన్ని నిన్నే చూశా."

వంగితే తగ్గడమే ఈ జబ్బుకి గుర్తు. ఆ గుర్తునే పట్టుకుని నన్ను అబద్ధాలకోరుని చేశారు. అది నేను మర్చిపోలేదు. ఈ కాగితం మీద పడితే ఇంకెవరూ మర్చిపోలేరు.

2. నన్ను నమ్మిన మొదటి మనిషి మా అత్త రత్తమ్మ. ఇరవై ఏళ్లు సున్నం బట్టీల్లో పని చేసింది. ఆమె దగ్గుని కూడా ఎవరూ లెక్కచేయలేదు. నేను గోడకి తల ఆనించి, వంగి నిలబడి ఊపిరందక తడుముకుంటుంటే చూసి, ఎవరినీ అడగకుండా నన్ను గుంటూరు రైలెక్కించింది. అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ముందుకు వంగితే తగ్గుతుందా?" అని. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను వంగి కూర్చోమని, ఊపిరి బిగబట్టమని, స్టెతస్కోపు పెట్టి వింది. తర్వాత దాన్ని మా అత్త చెవులకి పెట్టి, "వినమ్మా, వాచిన గుండె పొర రాసుకుంటున్న చప్పుడు" అంది. మా అత్త విని, "గంజి పెట్టిన చీర నలిపినట్టుందే! ఇంత మోత దీని లోపల పెట్టుకుని, నాటకమంటారంటమ్మా నా కోడల్ని!" అని అక్కడే శాపనార్థాలు మొదలుపెట్టింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని స్కానింగుకి రాసింది.

మా అత్త రత్తమ్మకి: నేను కుట్టి బీరువా కింది అరలో ఉంచిన ఆరు నూలు రవికలు. చేతులు పైకి లేవవు కాబట్టి ముందు హుక్సులు పెట్టాను. దగ్గు బిళ్లలు పెట్టుకోవడానికి లోపల జేబు కుట్టాను. నాకంటే ముందు ఆమే పోతుందని అందరూ అనుకుంటున్నారట, ఆమె మాత్రం ఒప్పుకోవడం లేదు. అయినా రవికలకి నా చావు దాకా ఆగక్కర్లేదు, రేపే తీసుకోవచ్చు.

3. డాక్టరమ్మ రాసిన స్టెరాయిడ్ బిళ్లలతో మొహం బూరెలా ఉబ్బింది. నా కొలతల పుస్తకంలో నా జాకెట్టు కొలతే ఏడాదిలో ముప్ఫై ఆరు నుంచి నలభై రెండుకి పోయి, మళ్లీ ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. "జబ్బంటావు, చానా ఒళ్లు చేశావే మంజులా" అని నవ్విన మా వీధి ఆడవాళ్లకి ఆ పుస్తకం చూడ్డానికి కొట్లో ఉంచుతున్నాను. అందులో వాళ్ల కొలతలూ ఉన్నాయి.

4. సుధీర్ బాబు మా ఆయనతో, "ఆ బిళ్లలు మతి చెడగొడతయ్ బావా, ఆపించు" అన్నాడు. మా ఆయన నా మంచి కోరే, నాకు చెప్పకుండా ఆ డబ్బా లారీలో దాచాడు. ఆ బిళ్లలు ఒక్కసారిగా ఆపకూడదు, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. పన్నెండో రోజున పడిపోయాను. గుండె చుట్టూ నీరు చేరింది. సూది గుచ్చి అరలీటరు తీశారు.

ఆ మర్నాడు పొద్దున, మంచం మీద దిండు కావలించుకుని వంగి కూర్చున్నాను. సుధీర్ బాబు స్టాంపు కాగితం తెచ్చాడు. నా కొట్టు గదిని తన పేర దానం రాసిస్తున్నట్టు అందులో రాసుంది. "నీకు పిల్లల్లేరు. నీకేదన్నా అయితే అది పరాయోళ్ల పాలవుద్ది. ఇక్కడ చిన్న సంతకం పెట్టక్కా" అని పెన్ను వేళ్ల మధ్య ఇరికించాడు. నా నొప్పి నాటకమన్నవాడికి ఆ రోజు మాత్రం నేను చచ్చిపోతానని గట్టి నమ్మకం కుదిరింది. నేను పెన్ను విసిరికొట్టాను. మా అత్త వాణ్ణి వార్డు బయటికి తోలింది. ఆ రోజు నుంచే నాకు మతి చెడిందన్న ప్రచారం మొదలైంది.

తమ్ముడు సుధీర్ బాబుకి: వార్డులో వదిలిపోయిన, నా సంతకం లేని ఆ స్టాంపు కాగితం. వేరే ఏ ఆస్తిలోనూ అతనికి గానీ, అతని వారసులకి గానీ ఏ హక్కూ లేదు.

5. పిడుగురాళ్లలోని నా కొట్టు గది, నా కుట్టుపనితో కొన్న నా స్వార్జితం. దాన్ని, పవర్ మిషను, ఓవర్‌లాక్ మిషను, కాలి మిషనుతో సహా, పదేళ్లుగా నా దగ్గర కుడుతున్న కంచర్ల జెస్సీకి నా తదనంతరం సర్వహక్కులతో ఇస్తున్నాను. నేను ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ కొట్టు ఒక్క పూట మూయలేదు. రోజూ ఫోన్ చేసి, "అక్కా, నొప్పి ఎట్టుంది?" అని అడిగేది. "తగ్గిందా" అని ఎప్పుడూ అడగలేదు. తగ్గలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు రోగికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ పిల్లకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆమె మన కులం కాదు, మన మతం కాదు అని అభ్యంతరం చెప్పబోయేవారు నేను బతికుండగా నా ఎదురుగా వచ్చి చెప్పవలెను.

6. ఈ జబ్బు చంపడం అరుదు, విసిగించడం ఎక్కువ అంది డాక్టరమ్మ. పద్నాలుగు నెలలుగా నొప్పి రాలేదు. రేపు రావచ్చు. తుమ్మొస్తే భయం, జ్వరమొస్తే భయం, పెళ్లికి రమ్మంటే ఆ రోజుకి ఎలా ఉంటానో అని భయం. ఆ భయంతోనే బతుకుతున్నాను, బాగానే బతుకుతున్నాను. నన్ను చూసి జాలిపడమని ఎవరినీ అడగలేదు. చెప్పినప్పుడు నమ్మమని అడిగాను.

7. నా భర్త కోటిబాబుకి నా బంగారు కమ్మలూ, గాజులూ రాయించబోయాను. వద్దన్నాడు. ఆస్తి అందుకునేవాళ్లు సాక్షి సంతకం చేయకపోవడం మంచిదని వకీలు గారు చెబితే, "అయితే నాకేం రాయమాకండి, నన్ను సాక్షిగా పెట్టండి" అన్నాడు. నాకు నొప్పి వచ్చినప్పుడల్లా చూడలేక లారీ తీసుకుని వెళ్లిపోయేవాడు. డబ్బా దాచినందుకు ఈ రోజుకీ నాతో నోరు తెరిచి తప్పయిందని అనలేదు. నాకు కోపం పోలేదు, పోయిందని రాస్తే ఈ వీలునామా అబద్ధమవుతుంది. కానీ అతను అడిగింది నేను కాదనలేదు. ఆ కమ్మలూ, గాజులూ కూడా జెస్సీకే.

8. దీన్ని అమలు జరిపే బాధ్యత మా పక్క కొట్టు దారాలు, బటన్ల వ్యాపారి షేక్ జాన్ సాహెబ్ అన్నకి అప్పగిస్తున్నాను. ఇంతకు ముందు నా పేర ఏ కాగితం పుట్టినా అది చెల్లదు.

పిడుగురాళ్ల,
2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) తమ్మిశెట్టి మంజుల

సాక్షులు:

1. షేక్ జాన్ సాహెబ్. మంజులమ్మ చదివించుకుని, రెండు తప్పులు దిద్దించి, నా ఎదుట సంతకం చేసింది.

2. తమ్మిశెట్టి కోటిబాబు. నా భార్య పూర్తి తెలివితో సంతకం చేసింది. చేసినంతసేపూ నేను పక్కనే ఉన్నాను.