ఇరవై గంటల బ్యాటరీ

ప్రియమైన బావకి,

అక్కా నువ్వూ కులాసాయేనా? మనం వంతులవారీగా వాడుకునే మెటల్ డిటెక్టర్ పార్సిల్ నిన్న అందింది. అందింది గానీ, విప్పి మీట నొక్కితే కుయ్ లేదు, కయ్ లేదు. ఎనిమిది సెల్సూ చచ్చి ఊరుకున్నాయి.

నేను పంపినప్పుడు నిండా ఛార్జ్ చేసి పంపాను. అలా చేస్తే ఇరవై గంటలు వస్తుంది. నువ్వేమో "ఒక్క ఆదివారం రెండు గంటలు తిప్పాను, ఒక మేకు దొరికింది" అని చీటీ పెట్టావు. మిగతా పద్దెనిమిది గంటలు ఎవరు మింగారు బావా? పైగా వాడాక సెల్స్ బయటికి తీసి పెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!

గడియారాలు బాగుచేసి బతికేవాణ్ణి, సెల్స్ సంగతి నాకు తెలుసు. ఇటుకబట్టీ వెనక నేలకి ఒక్కడివే వెళ్ళావా? పోయినేడు అక్కడ మూడు పాత నాణేలు దొరికినప్పుడు ఏమనుకున్నాం? వెళ్తే ఇద్దరం కలిసే వెళ్దామని కాదూ? నవ్వుతూనే అడుగుతున్నాను, ప్రస్తుతానికి.

ఫోన్ చేస్తే అక్క ఎత్తి "మీ బావ స్నానం చేస్తున్నార్రా" అంటుంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ స్నానమే. బస్సు నడుపుతున్నావా, చెరువులో కాపురం పెట్టావా?

జవాబు కోసం చూస్తూ,
నీ బావమరిది

*

బావమరిదికి దీవెనలు.

ఆ సెల్స్ ముసలివైపోయాయి. కొత్తవీ పాతవీ కలిపేశావేమో చూసుకో. ఒకరోజు బస్సులో ఇంజిన్ పక్కన పెట్టాను, ఆ వేడికి కూడా పాడవుతాయి. ఇటుకబట్టీ వైపు పోలేదు. నేను పనుల్లో ఉంటాను, ఫోన్ చెయ్యకు. ఏదన్నా ఉంటే ఉత్తరమే రాయి. నా వంతు రాగానే మిషన్ పంపు.

మీ అక్క అడిగానని చెప్పమంది.
బావ

*

బావకి,

ఈసారి "ప్రియమైన" రాయలేదు, గమనించావనుకుంటాను.

కొత్తవీ పాతవీ కలుపుతానా, నేను? ఎనిమిదింటి మీదా మా ఆవిడ గోళ్ళరంగుతో చుక్క పెట్టి ఉంది. ఒకే రోజు కొన్నవి, ఒకేసారి ఛార్జ్ అయ్యేవి. వాటికే మళ్ళీ పరీక్ష పెట్టాను. షాపులో పెడితే గడియారాలన్నిటినీ చూసి గగ్గోలు పెడుతోందని పెరట్లోకి మార్చి, కింద ఓ నాణెం ఉంచాను. హెడ్‌ఫోన్స్ తగిలిస్తే ఇరవై గంటలు నిక్షేపంగా వచ్చింది. స్పీకర్‌లో సౌండ్ పూర్తిగా పెంచితే పదికే చతికిలబడింది. సెల్స్‌కి ఏ రోగమూ లేదు.

ఇప్పుడు చెప్పు. నువ్వు పంపినప్పుడు సౌండ్ చివరిదాకా పెంచి ఉంది. హెడ్‌ఫోన్స్ వైరుకి నేను చుట్టిన రబ్బరుబ్యాండు చుట్టినట్టే ఉంది. ఒక్కడే వెతికేవాడికి స్పీకరెందుకు? పక్కన ఇంకొకడు ఉన్నాడు కాబట్టి. ఎవడు వాడు? మీ డిపోలో డ్రైవరా? మన చోటు వాడికి చూపించేశావా?

పదేళ్ళుగా నేను మీ ఊరొచ్చిన ఆదివారాలన్నీ కలిసి తవ్వుకున్నాం. నాణేలు పోతే పోయాయి. నన్ను వెర్రివెంగళప్పని చేశావే, అది మాత్రం ఒప్పుకోను. నీ వంతు కాబట్టి మిషన్ పంపుతున్నాను. నిజం రాయి. లేదంటే అది నువ్వే ఉంచేసుకో, నాకొద్దు.

బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఇంకొకడెవడూ లేడు. నేనొక్కణ్ణే, అదీ మా పెరట్లోనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకేమీ వినపడట్లేదురా.

పెరట్లో ఒక నాణెం పాతాను. దాని మీద మిషన్ ఆనించి, సౌండ్ పూర్తిగా పెట్టి, వెనక్కి ఒక్కో అడుగే నడుస్తాను. ఎక్కడ చప్పుడు ఆగిపోతుందో అక్కడ గీత గీస్తాను. మొదటిరోజు పన్నెండు అడుగులు. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ నడుస్తాను, మళ్ళీ. రోజూ మీ అక్క పనికి వెళ్ళాక ఇదే. నీ సెల్స్ అలా అయిపోయాయి. పోయినసారి మిషన్ పంపేనాటికి ఏడడుగులు. ఇవాళ నాలుగు.

మీ అక్క ఫోన్ ఎత్తగానే నేను స్నానాలగదిలో దూరేది అందుకే. ఫోన్‌లో నీ మాట అర్థం కాదు, ఉత్తరమైతే చదువుకుంటాను. మీ అక్కకి చెప్పలేదు. పిలిస్తే పలకనని మూతి ముడుచుకుని తిరుగుతోంది. వచ్చే నెల డిపోలో చెవుల పరీక్ష ఉంది. తప్పితే ఇరవై ఆరేళ్ళుగా పట్టుకున్న స్టీరింగ్ వదిలెయ్యాలి. భయమేసి దాచాను, బస్సు దిగితే నేనెవర్ని?

మొన్న నా వెనకాల అంబులెన్స్ మోగుతూనే ఉందట. కండక్టర్ పరిగెత్తుకొచ్చి భుజం పట్టి ఊపేదాకా దారివ్వలేదు. లోపల ఎవరున్నారో, ఏమయ్యారో. ఇవాళ పొద్దున మేనేజర్ టేబుల్ మీద తాళాలు పెట్టేసి, ఇక నడపనని చెప్పి వచ్చాను.

మిషన్ ఉంచుకోమన్నావు. అది మోగినా తెలియనివాడికి ఎందుకురా? తీసుకుపో. మీ అక్కకి ఎలా చెప్పాలో మాత్రం రాయి.

నీ బావ

*

ప్రియమైన, చాలా ప్రియమైన బావకి,

నా నోరు పడిపోను, ఎన్నేసి మాటలన్నాను! హెడ్‌ఫోన్స్ ముట్టలేదని కనిపెట్టాను గానీ, ఎందుకు ముట్టలేదో మాత్రం ఊహించలేకపోయాను.

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. ముందు చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం. తర్వాత అక్కకి ఇద్దరం కలిసే చెబుదాం, తిడితే ఇద్దర్నీ కలిపి తిడుతుంది.

మిషన్ ఎక్కడికీ పంపకు. సెల్స్ మాత్రం బయటికి తీసి నిండా ఛార్జ్ చెయ్యి. ఆదివారం ఇటుకబట్టీకి వెళ్దాం. హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకుంటాను. మోగిన చోట నీ భుజం తడతాను, నువ్వు తవ్వు.

ఫోన్ చెయ్యను. తలుపు కొట్టను కూడా. వీధిలోకి చూస్తూ కూర్చో.

నీ బావమరిది