అర మామయ్య

కుమాసి, గురువారం

యామొవా మామయ్య గారికి,

మీరు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం పంపుతున్నాను. సెర్వా పెద్దమ్మ అంత్యక్రియల పోస్టరులో తప్పు నాదే. ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చే ప్రోగ్రాం నేనే రాశాను. అందులో ఒకటి అని రాస్తే బొమ్మ నిండుగా వస్తుంది, సున్నా అని రాస్తే అసలు కనబడదు, అర అని రాస్తే వెనకున్నదీ కనబడుతుంది. మీరు చెప్పినట్టే మీ ఫొటోను పెద్దమ్మ ముందు పెట్టాను గానీ, పూలదండకు ఇవ్వాల్సిన అరను మీకు ఇచ్చేశాను. అందుకే మీ పొట్టలోంచి పెద్దమ్మ చూస్తోంది.

మార్కెట్ గోడలన్నిటికీ అంటించాక, "యామొవా కూడా సగం పోయాడటగా, పాపం!" అంటూ జనం మీ ఇంటికి పరామర్శకు వస్తున్నారని అత్తయ్య చెప్పింది. క్షమించండి.

కొత్త పోస్టరు వేద్దామని నిన్న కుటుంబ సభలో అడిగాను. ఐదుగురు వద్దన్నారు. అత్తయ్య ద్వారా మీరు పంపిన మాటతో కలిపి ఐదుగురు సరేనన్నారు. కానీ కుటుంబ పెద్ద పోస్టరు చూపించి, "వాడిది అరే వేసుకోండ్రా" అన్నారు. అర మనిషి తేడాతో ఓడిపోయాం.

వద్దన్నవాళ్లనూ తప్పుపట్టలేను మామయ్యా. ప్రతి ఫొటోలోనూ ముందుకొచ్చి నిలబడేది మీరే కదా. "డెబ్బై ఏళ్లలో యామొవా ఉన్న ఫొటోలో సెర్వా మొహం కనబడటం ఇదే మొదలురా, కదపకు" అన్నారు.

మీ మేనల్లుడు