విత్తనానికి వదిలిన మొక్క

ఖతీఫ్ (సౌదీ), ఏప్రిల్ చివరి శుక్రవారం

ఈరోజు మా చౌడు మడిలో గోంగూర కోశాను! చేతులకు ఆ పులుపు వాసన ఇంకా ఉంది, కడగబుద్ధి కావడం లేదు. పప్పులో వేస్తే ఈయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఖర్జూర తోటలో మా గది వెనకున్న ఆ ముక్క ఎందుకూ పనికిరాదనే మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, మాకు వదిలేశాడు. నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది. మా ఊళ్ళో సముద్రం పక్క చౌడును నాన్న బాగుచేసినట్టే మేమూ పైమట్టి గీకి పారేశాం, నీళ్ళు నిలగట్టి కాలవలోకి వదిలాం, మేకల ఎరువు మోశాం. రెండుసార్లు వేసిన గింజ మాడిపోయింది. మూడోసారి ఇదిగో, మోకాలెత్తు!

కోస్తూ కోస్తూ, అన్నిటికన్నా ఏపుగా ఉన్న మొక్కకు చీరపీలిక కట్టేశాను. విత్తనానికి వదిలే మొక్కను ఎవరూ గిల్లకుండా అమ్మ అలాగే కట్టేది. అది చూసి ఈయన ఒకటే నవ్వు.

"అది కాసి ఎండేసరికి చలికాలం వచ్చేత్తది. ఆగస్టులో ఎగ్జిట్ కొట్టించుకుని మన ఊరెళ్ళిపోదామన్నది నువ్వే కదే!"

నిజమే, నెలనెలా ఆ మాట అనేది నేనే. మరి వచ్చే ఏడు ఇక్కడ ఆ గింజ వేసేదెవరు? చెయ్యి మాత్రం నన్నడక్కుండానే ముడి వేసేసింది...

"ఇప్పేయమంటారా?" అన్నాను.

ఈయన మొక్క దగ్గరికెళ్ళి, గాలికి ఊడిపోద్దంటూ పీలికకు ఇంకో ముడి వేసి వచ్చారు.