బయట కూర్చున్న మనిషి

హెక్సమ్,
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

అమ్మకి,

నువ్వూ సిరిలూ ఎందుకు పెళ్లి చేసుకోలేదు? ఇరవై ఏళ్లకి పైగా ఈ ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. మొదట్లో మర్యాద అడ్డొచ్చింది, తర్వాత అలవాటు అడ్డొచ్చింది. మీరిద్దరూ ఒకే వంటింట్లో కెటిల్ ఎవరు పెట్టాలని పోట్లాడుకుంటూ హాయిగా ఉంటే, మధ్యలో దూరి కాగితం ఉందా అని అడగడం ఉత్త లాయరు బుద్ధి అనిపించేది. ఇప్పుడు సిరిల్ లేడు. ఆ కాగితం లేని లోటు మాత్రం మిగిలింది.

ఫోన్లో ఇక్కడి సిరిల్ ఇంటి మాట ఎత్తగానే "మావిస్ పిలుస్తోంది, ఉంటా" అని పెట్టేస్తున్నావు. మావిస్ పిన్ని ఎవర్నీ అన్నిసార్లు పిలిచే మనిషి కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే రాస్తున్నాను. ఉత్తరాన్ని విసిరేసినా, ఎప్పుడో ఒకప్పుడు తీసి చూస్తావు.

అమ్మా, ఆ అక్టోబరు నా మనసులోంచి పోవడం లేదు. ప్రతి అక్టోబరులోనూ మా ఆఫీసులో ఫీజు తీసుకోకుండా వీలునామాలు రాసిపెడతాం, రాయించుకున్నవాళ్లు తోచింది కొండమీది హాస్పిస్‌కి ఇస్తారు. ఈ పద్ధతి తెచ్చింది నేనే. భాగస్వామిగా తీసుకున్న కొత్తలో నేను ఈ మాట ఎత్తితే మా పెద్ద భాగస్వామి ఆర్మిటేజ్ గారు కళ్లజోడు మీంచి చూసి, "లాయరు ఊరికే పని చేస్తానంటే జనం భయపడతారు హెస్టర్, ఇందులో మోసం ఎక్కడుందా అని తిరగేసి మరీ చూస్తారు" అన్నారు. చివరికి తేనెటీగ వేషం వేసుకుని హాస్పిస్ పరుగు పందెంలో పరిగెత్తింది ఆయనే. ఆ నెలంతా మేం ఊదారంగు స్కార్ఫులు కట్టుకుంటాం. కింద గుమ్మం దగ్గర కేకుల బల్ల వేస్తాం. హాస్పిస్‌ని నడిపే ట్రస్టీలలో నేనూ ఒకదాన్ని, నెలకో మధ్యాహ్నం ఆఫీసు నన్ను ఆ పనికే వదిలేసింది. చావు దగ్గరపడ్డ మనుషులకి నొప్పి లేకుండా, ఒంటరితనం లేకుండా చూసే చోటది. అందులో నాకూ ఓ చెయ్యి ఉందని గర్వంగా ఉండేది.

వీలునామా రాయించుకోవడానికి సిరిల్ ఆ రోజు ఇస్త్రీ ప్యాంటు వేసుకొచ్చాడు. నువ్వు నా తల్లివి కాబట్టి ఆయన వీలునామా నేను రాయకూడదు, మా ఆఫీసులోనే ఉన్న గిలియన్‌కి అప్పగించాను. మా దగ్గర ఇంకో నియమం ఉంది. రాయించుకునే మనిషి గదిలో ఒక్కరే ఉండాలి. వెంట వచ్చినవాళ్లు ఎవరైనా సరే బయట కూర్చోవాలి. తండ్రి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చే కొడుకుల్ని చూశాం, అత్తని అడిగితే తామే జవాబు చెప్పే మేనకోడళ్లని చూశాం. మంచి నియమమే. కొత్తగా చేరినవాళ్లకి నేనే నేర్పుతాను. అందుకే నీ మోచెయ్యి పట్టుకుని, "రా అమ్మా, కేకు తిందువు గాని" అని బయటికి తీసుకొచ్చాను. సిరిల్ గుమ్మంలో తిరిగి, "ఈవిడ చేతిలో నన్ను ఒంటరిగా వదిలేసి పోతున్నారా? ఏం రాయించేస్తుందో ఏంటో!" అన్నాడు. "నీ బుర్ర కూడా రాసిచ్చెయ్, చూద్దాం ఎవరు తీసుకుంటారో" అన్నావు నువ్వు. అందరం నవ్వాం. గిలియన్ తలుపు వేసింది.

మీ మీద ఆధారపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని గిలియన్ అడిగిందట. లేరన్నాడట. ఇల్లు హాస్పిస్‌కి అన్నాడట. అప్పుడు నువ్వు కింద కూర్చుని వాల్‌నట్ కేకు ఎండిపోయిందని రిసెప్షన్ అమ్మాయికి చెబుతున్నావు.

ఆయన పోయాక ఇదంతా నాకు తెలిసింది. నువ్వు రెండు పెట్టెలు సర్దుకుని సముద్రం ఒడ్డున సీహౌసెస్‌కి, పిన్ని దగ్గరికి వెళ్లిపోయావు. పెళ్లి లేకపోయినా అన్నేళ్లు కలిసి బతికిన మనిషికి కోర్టు ఏదో ఒకటి ఇస్తుందని న్యూకాజిల్‌లో ఒక లాయరు చెప్పింది. నీ తరఫున నేను నిలబడలేను. వీలునామా అమలు చేసేది మా ఆఫీసు, ఇల్లు అందుకునేది హాస్పిస్, అందులో నేను ట్రస్టీని. అన్ని కుర్చీల్లోనూ నేనే ఉన్నాను, నీ పక్క కుర్చీలో తప్ప.

అయితే కోర్టు దాకా పోనక్కర్లేదు. తనకి వచ్చిన ఆస్తిని పట్టుకుని ఉండటం న్యాయం కాదనిపిస్తే, పైవాళ్ల అనుమతి తీసుకుని ధర్మసంస్థ కొంత వదులుకోవచ్చు. బుధవారం ట్రస్టీల సమావేశంలో ఈ సంగతి వచ్చింది. ఈమె మా అమ్మ అని చెప్పి నేను లేచి బయటికి వచ్చేశాను. వరండాలో నిలబడ్డాను. సూపు వాసన వేస్తోంది. ఒక గదిలో ఎవరో పెద్దాయన నిద్రపోతున్నాడు, ఆయన పక్కన రేడియో ఫుట్‌బాల్ స్కోర్లు చెప్పుకుంటూ పోతోంది. తలుపు తీసి నన్ను పిలిచారు. ఆమె ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, ఆ తర్వాతే మాకు అన్నారు. "ఆవిడ కావాలని అంటే చాలు హెస్టర్, ఆ మాట మాత్రం ఆవిడే అనాలి" అన్నారు.

ఆ ఒక్క మాట అను అమ్మా. నిన్ను ఆ గది బయట కూర్చోబెట్టిన చేతులు నావే. తిరిగి లోపలికి తీసుకురానీ.

నీ హెస్టర్


సీహౌసెస్,
గురువారం

పిల్లా,

నీ ఉత్తరం అందింది. కళ్లజోడు కనపడక మావిస్ చేత చదివించుకున్నాను, కాబట్టి ఈపాటికి రేవు దాకా అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

పెళ్లి సంగతి అడిగావు. సిరిల్ రెండుసార్లు అడిగాడు. మొదటిసారి ఆంబుల్ రేవులో, నోటి నిండా చిప్స్ పెట్టుకుని. రెండోసారి తుంటి ఆపరేషన్ అయ్యాక. అప్పుడు మత్తులో ఉన్నాడు, నర్సుని కూడా అడిగాడు, అది లెక్కలోకి రాదు. రెండుసార్లూ వద్దన్నాను. ఎందుకో చెబుతాను, ఆ తర్వాత ఈ మాట మళ్లీ ఎత్తకు.

నేను కొండమీది హాస్పిస్‌లో టీ బండి తోసేదాన్ని, గుర్తుందా? మీ నాన్న పోయాక ఇంట్లో కూర్చోలేక వెళ్లేదాన్ని. సిరిల్ భార్య ఈనిడ్ ఆఖరి వారం నేను ఆ గదిలోనే ఉన్నాను, సిరిల్‌కి కప్పు అందిస్తూ. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "మనకి పిల్లల్లేరు కదా. నీ తర్వాత ఇల్లు వీళ్లకిచ్చెయ్" అంది. సరేనని ఏడ్చాడు. చక్కెర వెయ్యడం మర్చిపోయి నేనూ అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్లకి మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో నీకు చెప్పను, నువ్వు నా కూతురివి. కానీ ఆమె అడుగుతుంటే నా చెవులతో విన్నాను. అతన్ని పెళ్లి చేసుకుంటే ఆ ఇంటిని ఆమె చేతిలోంచి లాక్కున్నట్టు ఉండేది. ఆ టైల్స్ ఆమె ఏరుకున్నవి. ఆ వంటింట్లో అన్నేళ్లు వండాను, ఒక్క గిన్నె కూడా ఉన్నచోటు నుంచి జరపలేదు.

అక్టోబరులో మీ ఆఫీసు ముందు కారు ఆపాక సిరిల్ మొదలెట్టాడు. "నీ పేరు రాయిస్తాను, ఈనిడ్ అర్థం చేసుకుంటుంది" అన్నాడు. "రాయిస్తే ఇక్కడే దిగి వానలో నడిచి పోతాను" అన్నాను. "మొండిదానా" అన్నాడు. "చచ్చిపోయే మనిషికిచ్చిన మాట బస్సు టికెట్టా, దిగాక పారెయ్యడానికి?" అన్నాను. వైపర్లు ఆపేసి, కారు తాళం జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత లోపలికి వచ్చాం. నువ్వు కేకు పెట్టావు.

కాబట్టి నన్ను బయట కూర్చోబెట్టానని ఏడవకు. చెప్పాల్సింది కారులోనే చెప్పేశాను. బయట కూర్చున్నది నేను, కూర్చోబెట్టింది నువ్వు కాదు.

మీ ట్రస్టీలకి నా కృతజ్ఞతలు చెప్పు. వద్దన్నానని చెప్పు. ఇక్కడ నాకు బాగానే ఉంది. గది కొంచెం చలి, ఉత్తరం వైపు కదా. మావిస్ గురక గోడ దాటి వస్తుంది. అంతే.

అమ్మ


హెక్సమ్,
మార్చి, ఆదివారం

అమ్మకి,

నీ ఉత్తరం చదవగానే భారం దిగినట్టయింది. తప్పు నాది కాదు అనుకున్నాను. ఆ సుఖం ఒక్కరోజు కూడా నిలవలేదు.

మా నియమం గురించి ఆలోచిస్తున్నాను. లాక్కునేవాళ్లని ఆపడానికి తలుపు వేస్తాం. తనకేమీ వద్దని తోసేసే మనిషిని ఆపే తలుపు మా దగ్గర లేదు. గిలియన్ అడిగినప్పుడు ఎవరూ లేరన్నాడే సిరిల్, అది తన మాటేనా, కారులో నువ్వు చెప్పించిన మాటా? ఒంటరిగా కూర్చుని చెప్పాడు కాబట్టి స్వేచ్ఛగా చెప్పాడని రాసుకున్నాం. ఆయన మీద అంత గట్టిగా ఒత్తిడి తెచ్చినవాళ్లు ఇంకెవరూ లేరేమో. అది కూడా నీకే నష్టం వచ్చేలా.

నిన్న చెప్పకుండా వచ్చానని కోపగించుకున్నావు. గదిలో కోటు వేసుకునే కూర్చున్నావు, దాని లోపల సిరిల్ స్వెట్టరు. "గది బాగుంది కదూ?" అన్నావు. బాగుందన్నాను. నువ్వు టీ పెట్టడానికి పోతే పిన్ని నన్ను మెట్ల దగ్గరికి లాగి, "హెక్సమ్‌కి బస్సు ఎన్నింటికని మీ అమ్మ రోజూ అడుగుతుందే. నేను చెబుతాను. సరే అంటుంది. ఎక్కదు" అంది. నువ్వు వస్తుంటే గొంతు మార్చి హెర్రింగ్ చేపల ధర గురించి మాట్లాడింది. పిన్నిని తిట్టకు.

దారంతా కారులో నాలో నేనే వాదించుకున్నాను. మా వృత్తి నేర్పిందొకటే. బుద్ధి తెలిసిన మనిషి, ఎవరి బలవంతం లేకుండా వద్దంటే వద్దనే రాసుకోవాలి. ఆమె మేలు ఆమెకంటే నాకే తెలుసనుకోవడం మొదలైతే, భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చే ఆ కొడుకులకీ నాకూ తేడా ఉండదు. కానీ కూతుర్ని కూడా కదా. బల్ల దగ్గర నువ్వు వద్దన్న బంగాళదుంపని ఇన్నేళ్లుగా నీ పళ్లెంలో వేస్తూనే ఉన్నాను. నువ్వు తింటూనే ఉన్నావు.

ఈనిడ్‌కి ఇచ్చిన మాట చెల్లాలని నువ్వు మనస్ఫూర్తిగా వద్దన్నావో, పరాయి ఇంట్లో బతికిన మనిషి చివరిదాకా పరాయిగానే పోవాలనే పంతమో, ఒకసారి అడిగితే చాలదు, మళ్లీ అడిగితే ఒప్పుకుందామనో, నాకు తెలియదు. నీకైనా తెలుసో లేదో. నువ్వు ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉన్నా ఈనిడ్ కోరిక పోదు, కొంచెం ఆలస్యమవుతుంది. అలాగని కొండమీద ఒక గది తలుపు ఆ ఆలస్యంలో డబ్బు లేక మూతపడితే? రేడియో పక్కన నిద్రపోతున్న ఆ పెద్దాయన గుర్తొస్తాడు.

రేపు పొద్దున్న ట్రస్టీలకి జవాబు చెప్పాలి. "మా అమ్మ వద్దంది" అని చెబితే నీ మాట నిలబెట్టినదాన్ని అవుతాను, ఆ చలిగదిలో నిన్ను వదిలేసినదాన్ని కూడా. "ఇంకొంచెం ఆగండి, మా అమ్మ వద్దంటే వద్దని కాదు" అని చెబితే, నీ నోట్లో నా మాట పెట్టినదాన్ని అవుతాను. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి రెంటిలో ఏదో ఒకటి చెప్పేసి ఉంటాను. ఏది చెబుతానో ఇది రాస్తున్నంతసేపూ తేల్చుకోలేదు. ఇప్పుడూ తెలియడం లేదు.

నీ హెస్టర్