నవ్వుకు లైసెన్సు లేదు

1856 మార్చి 4, మంగళవారం

పొద్దున్నే తెలిసింది: నా ఒపెరెట్టాలో, అంటే పాటలతో నడిచే హాస్య నాటకంలో, ఒక మనిషి ఎక్కువట.

థియేటర్ యజమాని బుర్గాద్ నన్ను వేషాల గదిలో అట్టతో చేసిన సింహాసనం మీద కూర్చోబెట్టి మరీ చెప్పాడు. పారిస్‌లో తనలాంటి చిన్న థియేటర్లకు నలుగురికే లైసెన్సు. నలుగురే మాట్లాడాలి, నలుగురే పాడాలి. ఐదో నోరు లేచిందంటే నా కొట్టుకు సీలే అన్నాడు. సర్కారు సొమ్ము తినే పెద్ద థియేటర్ల పొట్ట చల్లగా ఉండాలని ఈ ఏర్పాటు. లా చదువుతున్నావు, ఈమాత్రం తెలియదా వకీలూ అని నవ్వాడు. మా క్లాసులో రోమన్ల వీలునామాలు చెబుతారు. ఇది చెప్పలేదు.

నా ఆటలో రాజు, మంత్రి, యువరాణి, కవి. అక్కడికి నలుగురూ అయిపోయారు. రాజు చొక్కా మీద మాంసం పులుసు ఒలుకుతుంది. మంత్రి దాన్ని పతకం అంటాడు. అందరూ వంగి దండం పెడతారు, కవి పద్యం చదువుతాడు. చివర్లో చాకలామె వచ్చి, ఇది పులుసు మరక, విప్పండి ఉతికిస్తాను అని పాడుతుంది. ఆమె రాకపోతే మరక పతకంగానే మిగిలిపోతుంది. అప్పుడు దాన్ని ఆట అనరు, రోజూ వచ్చే పేపరు అంటారు.

ఆమె పాట ఎనిమిది పంక్తులు. నా జీవితంలో నేను రాసిన మంచి పంక్తులు అవే.

మార్చి 5

చాకలామె వేషానికి పెట్టుకున్న ఫిలిబెర్త్‌ను పంపేస్తానన్నాడు బుర్గాద్. ముప్పై దాటిన మనిషి. ఊరూరా సంతల్లో, గుడారాల్లో పాడి వచ్చింది. పారిస్‌లో ఆమెకు దొరికిన మొదటి వేషం ఇది.

ఆమె కదల్లేదు. మీ లైసెన్సుకు నా నోరు అడ్డమైతే నోరు మూసుకుని వస్తాను, కాళ్ళూ చేతులూ అడ్డం కాదుగా అయ్యా అంది. బకెట్ పట్టుకుని నిలబడతానంది. గుమ్మం దాటించాలంటే మాత్రం నలుగురు మోయాలి, ఆ నలుగురూ మాట్లాడకుండా మోయగలరేమో చూసుకోండి అంది.

బుర్గాద్ ఒప్పుకున్నాడు.

మార్చి 6

నా పాట పోయింది.

మార్చి 8, మధ్యాహ్నం

రిహార్సల్‌లో జరిగింది వెంటనే రాసుకోవాలి.

ఫిలిబెర్త్ బకెట్‌తో ఓ మూల నిలబడింది. రాజు వేషగాడు బొర్ర ముందుకు తోసి మరక చూపించాడు. మంత్రి వంగాడు, ప్యాంటు కుట్టు పర్రున విడిపోయింది. ఆమె ఆపుకోలేక నవ్వింది. సన్నగా మొదలై, మెట్లెక్కినట్టు పైకి వెళ్ళి, పైనుంచి జారి కింద పడింది ఆ నవ్వు. మాకు బాణీలు కట్టే ఆల్సిద్ క్లారినెట్ తీసి ఆ నవ్వునే వాయించాడు. ఆమె మళ్ళీ నవ్వింది, ఈసారి కావాలని. అతను మళ్ళీ వాయించాడు. అలా నా పాట ఉండాల్సిన చోట ఒక నవ్వు వచ్చి కూర్చుంది.

లైసెన్సు తెచ్చి చదవమన్నారు. చదివాను. మాట్లాడటం ఉంది, పాడటం ఉంది. నవ్వడం లేదు.

అందరూ నా వీపు తట్టారు. నాకు ఏడుపొచ్చింది. మాటల కోసమే కదా నేను ఈ పనికి వచ్చింది. ఫిలిబెర్త్ పక్కన కూర్చుని తన రొట్టెలో సగం పెట్టింది. నీ మాటలు బాగున్నాయబ్బాయ్, అందుకే జనం వాటిని వింటూ నన్ను చూస్తారు, నేను నవ్వితే మాత్రం ఆ రాజు మరకను చూస్తారు అంది.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కానీ నిజం.

మార్చి 14, శుక్రవారం

మొదటి ఆట. నవ్వును మూడుసార్లు మళ్ళీ అడిగారు. బయట బండివాడు కూడా గుర్రాన్ని అదిలిస్తూ అదే వరసలో నవ్వుతున్నాడు.

మార్చి 15

రెండో ఆట అవగానే లైసెన్సుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నవ్వు స్వరాల్లో ఉంది కాబట్టి అది పాటేనట. నేను లేచి, అలాగైతే హాల్లో నవ్విన వాళ్ళంతా లైసెన్సు లేకుండా పాడినట్టే కదండీ అన్నాను. కుర్రాడా, నువ్వు ఏ కాలేజీ అని అడిగాడు. చెప్పాను. రాసుకున్నాడు.

ఆర్డర్ ఇచ్చి వెళ్ళాడు: ఐదో మనిషి నోటి నుంచి చప్పుడు రాకూడదు. రేపటి ఆటకు స్వయంగా వచ్చి చూస్తాడట.

బుర్గాద్ చెమట తుడుచుకుంటూ, అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఇక వెళ్ళిపో అన్నాడు ఫిలిబెర్త్‌తో. ఆమె వెళ్తే నా ఆటా వెళ్తుందన్నాను. ఇంతోటి ఆటా అన్నాడు. ఇంతోటి ఆటకే మూడు రోజుల టికెట్లు అమ్ముకున్నారు కదా అన్నాను. వకీలువి కావడం ఖాయంరా నువ్వు అన్నాడు. అది దీవెనలా లేదు.

ఫిలిబెర్త్ నోరు మూసుకుని నిలబడతానంది. ఇప్పటికి అదే దక్కింది.

మార్చి 16, ఆదివారం

ఇన్‌స్పెక్టరు ముందు బాక్సులో కూర్చుని బైనాక్యులర్‌తో ఆమె మూతినే చూస్తున్నాడు.

రాజు మరక చూపించాడు. మంత్రి వంగాడు. ఆల్సిద్ క్లారినెట్ ఎత్తాడు. ఫిలిబెర్త్ పెదవులు బిగించి బకెట్ కింద పెట్టింది, చేతులు కట్టుకుంది. క్లారినెట్ ఒక్కటే నవ్వింది. నా పని అయిపోయిందనుకున్నాను.

పై బాల్కనీలో ఎవరో ఆడమనిషి సన్నగా అందుకుంది. మెట్లెక్కినట్టు ఎక్కింది ఆ నవ్వు. రెండో మెట్టు దగ్గర పది మంది కలిశారు. జారే చోటికి వచ్చేసరికి హాలంతా అదే బాణీలో, అదే తాళంలో నవ్వుతోంది. నిన్నా మొన్నా చూసినవాళ్ళు పక్కవాళ్ళకు నేర్పిస్తున్నారు. రాజు మరకను రెండు చేతులతో కప్పుకున్నాడు. అది నేను రాయలేదు. ఫిలిబెర్త్ మాత్రం నోరు తెరవలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఇన్‌స్పెక్టరు వంగి, బైనాక్యులర్ కింద పడిందన్నట్టు వెతుక్కున్నాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

మార్చి 17

ఇన్‌స్పెక్టరు నుంచి నాకు కబురొచ్చింది. నిన్న నవ్విన వాళ్ళ పేర్లు రాసి రేపు పొద్దున ఆఫీసులో ఇవ్వాలట. లేకపోతే కాలేజీకి ఉత్తరం వెళ్తుందట.

రేపు పొద్దున్నే ఫిలిబెర్త్, నేను వెళ్తున్నాం. పేర్లు ఇస్తాను. మొదటి పేరు ఆ ఇన్‌స్పెక్టరుదే.