మార్బుల్ మీద మామిడి పులుపు

ఆదివారం, శ్రీనివాసపురం

హాల్లో తెల్ల మార్బుల్ అంటే వదినకు ప్రాణం. ఫినాయిల్ కూడా తగలనివ్వదు. నీళ్లలో కొంచెం షాంపూ కలిపి తనే తుడుస్తుంది. ఈ పొద్దు అవ్వ అక్కడే కత్తిపీట వేసుకుని ఊరగాయకు మామిడికాయలు కోసింది. రసం పడిన చోటల్లా రాయి మెరుపు పోయి మచ్చలు తేలినాయి.

అన్న ఎగిరిపడినాడు. "ఇంగ మీద ఏం కోసినా వెనక రేకుల షెడ్డులోనే కూర్చో అవ్వా!"

అవ్వ కొంగుతో ఆ మచ్చలనే రుద్దుతా ఉండింది. నాకు ఏడుపొచ్చింది.

వదిన వంగి మచ్చలు చూసింది. "పాలిష్ పౌడర్‌తో రుద్దితే సగం పోతాయి. మిగిలినవి ఉండనీ." తర్వాత అన్నవైపు తిరిగింది. "సోఫా ముందర ఆ మచ్చ మీరు నిమ్మకాయ సోడా ఒలకబోస్తే పడిందే కదా? మిమ్మల్ని యాడ కూర్చోబెట్టాల?"

అవ్వ కిసుక్కున నవ్వింది. వదిన టార్పాలిన్ తెచ్చి పరిచింది. "ఇంకా సగం కాయలుండాయి అవ్వా. ఇక్కడే, ఫ్యాను కిందే కూర్చో."

ఎంత మనిషి వదిన! ఫోన్ మీద గీత పడితేనే ఇల్లు పీకి పందిరేస్తాను నేను. రేపు నాకంటూ ఒక ఇల్లుంటే, దాంట్లో అవ్వను ఫ్యాను కింద కూర్చోబెట్టగలనా, లేక అన్న మాదిరే...